క్లౌ దొరగారి బడి

మన ప్రాంతపు చదువుల చరిత్ర చెప్పుకొనునపుడు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారిని తలపక తప్పదు. 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించి, యౌవనమున భూములు కొలుచు సర్వేయరు పని చేసి, బాప్టిస్టు మిషనరీయై 1866లో వారు ఒంగోలు చేరిరి.

వచ్చిన కొలదికాలమునకే తెరచిన బడికి బ్రాహ్మణుల పిల్లలు, ఇతర సవర్ణుల పిల్లలు రాసాగిరి. ఊరి పెద్దలే బిడ్డలను పంపుచుండగా దొరగారి సంతోషమునకు మేర లేకుండెను. ఇంతలో కనిగిరి వైపు తాళ్లకొండపాడు నుండి మాదిగ కులస్థుడగు యెర్రగుంట్ల పేరయ్యగారును, వారి వెంట మరికొందరును క్రైస్తవులైరి. వీరిని చేర్చుకొన్నచో తమ పిల్లలను మాన్పించెదమని పెద్దలు తెలిపిరి. బడిని నిలుపుకొనవలెనా, వాకిట నిలిచిన వారిని లోనికి రానీయవలెనా? దొరగారును వారి సతీమణి హారియెట్ గారును వేర్వేరు గదులలో బైబిలు తెరువగా, లోకము తృణీకరించిన వారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమే ఇరువురకును కనబడెనట. ఈ ముచ్చటను నమ్ముటయు మానుటయు చదువరుల ఇష్టము. పేదలకు తలుపు తీసిన మాటయు, బడి ఖాళీయైన మాటయు నిజము.

పిమ్మట చదువు పల్లెలకే పోయెను. క్రైస్తవులైన పల్లెవాసులలో నుండియే ఉపాధ్యాయులు తయారైరి. పలుచోట్ల భార్యలును పాఠములు చెప్పిరి. అక్షరములును, బైబిలు కథలును, కీర్తనలును ఒక్క బడిలోనే సాగెను. విగ్రహములకు మ్రొక్కరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, ఆదివారము పని చేయరాదు అను మూడు నియమములును పాఠములతోపాటు నేర్పబడెను. వ్రాతకు సులువే గాని, ఆదివారము పనికి రాని పాలేరును ఏ ఆసామి ఊరక విడుచును? ఆ పాఠమునకు వెల చెల్లించినవారు పల్లెవాసులే.

1876–78 కరవులో దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టునకు తీసుకొని వేలమందికి కూలి కల్పించిరి. అన్నము కొరకు మతము పుచ్చుకొనిరను నింద రాకుండుటకై కరవు రోజులలో బాప్తిస్మములను ఆపివేసిరి. నింద మాత్రము ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

1880లో ఒంగోలున ఉన్నత పాఠశాల ఏర్పడెను. నాడు కర్నూలు జిల్లాలోనున్న మన పడమటి సీమలో 1882లో కంభమునందును, 1895లో మార్కాపురమునందును మిషను కేంద్రములు వెలసెను. దొరగారు 1910లో అమెరికాలోని రాచెస్టరు పట్టణమున కన్నుమూసిరి.