పేరు పోగొట్టుకున్న ఛాంపియన్

మోటారు ఇంజను ప్రసక్తి వస్తే మనవాళ్ళు బెంజ్‌నీ, డీజిల్‌నీ, ఫోర్డునీ స్మరిస్తారు గాని, పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ రాల్చే స్పార్క్ ప్లగ్గుని ఇంటింటి వస్తువుగా చేసిన మనిషిని తలిచేవారు అరుదు. ఆయన పేరు ఆల్బర్ట్ ఛాంపియన్. ప్లగ్గుని కనిపెట్టినవాడు మాత్రం కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. హై వోల్టేజి మాగ్నెటోకి జోడీగా నికరంగా పనిచేసే ప్లగ్గుని 1902లో తయారుచేసిన ఘనత, జర్మనీలో రాబర్ట్ బాష్ కొలువులో ఉన్న గాట్లాబ్ హోనాల్డుది.

ఛాంపియన్ 1878 ఏప్రిల్ 5న పారిస్‌లో ఒక బీద కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సైకిళ్ళ వ్యాపారుల దగ్గర చిల్లర పనులకు కుదిరి, అక్కడే పందేల రుచి మరిగాడు. 1899లో పారిస్–రూబే పందెం గెలిచాడు. రాళ్ళు పరిచిన గతుకుల దారి, సుమారు 270 కిలోమీటర్లు! మోటారు బండి వెనకాలే, గాలి తగలకుండా సైకిలు తొక్కే పందేలలో ఆయనది అందె వేసిన చెయ్యి. మర్నాటి ఏడు, నిర్బంధ సైనిక సేవ తప్పించుకోవడానికీ, నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికీ అమెరికా ఓడ ఎక్కేశాడు.

అక్కడ సైకిలు దిగి మోటారు సైకిలు, అది దిగి కారు. 1903లో మోటారు సైకిలు మీద మైలు దూరాన్ని నిమిషంలోపే దాటాడు. అదే ఏడు న్యూయార్కు బ్రైటన్ బీచ్‌లో పందెం కారు అదుపు తప్పి తొడ ఎముక విరిగింది. నెలల తరబడి ఆసుపత్రి మంచం. చివరికి నడిచాడు గాని, ఒక కాలు పొట్టిదైపోయింది. ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవారు. ఈయన ఆ కాలితోనే ఫ్రాన్సు వెళ్ళి 1904లో మోటారు వెనక సైకిలు పందేల జాతీయ ఛాంపియన్ అయ్యాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. కోట్లు గడించడం దీని ముందు దిగదుడుపు.

1905లో బోస్టన్‌లో స్ట్రానహాన్ సోదరుల భాగస్వామ్యంతో తన పేరిట కంపెనీ పెట్టి, ఫ్రాన్సు నుంచి ఇగ్నిషన్ సరుకు తెప్పించి అమ్మాడు. 1908లో విలియం డ్యూరాంట్ కంట పడ్డాడు. డ్యూరాంట్ అంటే బ్యూయిక్ కార్ల అధిపతి, ఆ ఏడే జనరల్ మోటార్స్ స్థాపించినాయన. ఆయన పిలుపు మీద ఛాంపియన్ మిషిగన్‌లోని ఫ్లింటు పట్నం చేరి ప్లగ్గుల ఫ్యాక్టరీ తెరిచాడు. పాత భాగస్వాములు ఊరుకుంటారా? ఛాంపియన్ అన్న పేరు తమదేనన్నారు. తర్వాత వాళ్ళు ఒహాయోలోని టొలీడోకి మారి, ఆ పేరుతోనే ప్లగ్గులు చేశారు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన పేరు సొంతదారుకే దక్కలేదు! 1922లో ఫ్లింటు కంపెనీ ఆయన పొడి అక్షరాలతో ఏసీ స్పార్క్ ప్లగ్ కంపెనీ అయింది.

ఇంత చిన్న వస్తువుకి ఇంత తగాదా ఏమిటని ఇతర బ్రాంచీల మిత్రులు అడగొచ్చు. మా మెకానికల్ వాళ్ళలో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళని అడిగితే చెప్తారు. టర్బో కారుకి ట్యూనింగు చేయించి బూస్టు పెంచుతారు, ప్లగ్గులు మాత్రం పాత రకమే ఉంచేస్తారు. ప్లగ్గు కొస సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే పట్టిన మసి కాలిపోతుంది. 850 దాటితే కొసే నిప్పుకణిక అయి, స్పార్కు రాకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. అప్పుడు పిస్టన్ నెత్తికి చిల్లే. అందుకని వేడి ఇంజనుకి చల్లని ప్లగ్గు కావాలి. చల్లనిదంటే లోపలి పింగాణీ ముక్కు పొట్టిగా ఉండి, వేడిని గబగబా సిలిండర్ హెడ్డుకి చేరవేసేదన్నమాట. ప్రతి 75–100 హార్స్‌పవర్ పెంపుకీ ఒక మెట్టు చల్లనిది వెయ్యాలని తయారీదారుల లెక్క. మరీ చల్లనిది వేస్తే ఊళ్ళో ట్రాఫిక్‌లోనే మసి పట్టి మొరాయిస్తుంది. గ్యాపూ తగ్గించాలి, ఒత్తిడి పెరిగినకొద్దీ రవ్వ దూకడానికి వోల్టేజి ఎక్కువ కావాలి, లేకపోతే మిస్సింగు.

ఇక్కడో తిరకాసు ఉంది. ఛాంపియన్, ఏసీ ప్లగ్గుల మీద అంకె పెరిగితే వేడి రకం. జపాను వారి ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లని రకం. ఈ సంగతి తెలియక, అంకె పెద్దదైతే చల్లనిదేననుకుని బ్రాండు మార్చేవాళ్ళ ఇంజను గతి ఏమవుతుందో వేరే చెప్పాలా?

1927 మేలో లిండ్‌బర్గ్ ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటిన విమానంలో ఉన్నవి ఏసీ ప్లగ్గులే. తొమ్మిది సిలిండర్లు, సిలిండరుకి రెండేసి, మొత్తం పద్ధెనిమిది. ముప్పయి మూడున్నర గంటలు నిప్పులు రాల్చాయి. విమానం దిగింది ఛాంపియన్ పుట్టిన పారిస్‌లోనే. అయిదు నెలలు తిరిగాక, అక్టోబర్ 26న, అదే పారిస్‌లో ఒక హోటల్లో ఆయన కన్నుమూశాడు. అప్పటికి వయసు నలభై తొమ్మిది. టొలీడో ఫ్యాక్టరీలో మాత్రం ఆయన ఇంటిపేరు ముద్రించిన డబ్బాలు ఆ మర్నాడు కూడా ఎప్పటిలాగే బయటికి వచ్చాయి.