రాష్ట్రపతి కావడానికి ముందు ఆయన సంఘం కార్యదర్శి: వి.వి. గిరి గారి జీవితం

ఆగస్టు 10 వరాహగిరి వేంకట గిరి గారి జయంతి. 1894లో ఆ రోజున ఆయన బరంపురంలో పుట్టారు. ఆంధ్ర, తెలంగాణల బయట తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు ఆయన పేరంటే ప్రత్యేకమైన అభిమానం. మన సంఘాల హాళ్లలో ఆయన పటం ఎక్కడ కనిపించినా కింద భారత రాష్ట్రపతి అని ఉంటుంది. అది ఐదేళ్ల పదవి. అంతకు ముందు దశాబ్దాల తరబడి ఆయన చేసిన పని ఒకటుంది. జీతం చాలని వారు, ఉద్యోగం పోయిన వారు, తమ కష్టం చెప్పుకోవడానికి దిక్కులేని వారు, వీళ్లందరి తరఫున యాజమాన్యం ఎదుట కూర్చుని మాట్లాడటం. మాలో చాలామందిమి గుమాస్తా ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లం. మాకు ఆయన అసలు జీవితం అక్కడే కనిపిస్తుంది.

ఆయన పుట్టేనాటికి బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు, జాతీయవాది. తల్లి సుభద్రమ్మ గారు కూడా ఉద్యమంలోకి వచ్చి, మద్యపాన వ్యతిరేక ఆందోళనలో అరెస్టయ్యారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా వినిపించే ఊళ్లో పెరిగి, అక్కడి ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రం కోసం ఐర్లండు వెళ్లారు.

ఆయన డబ్లిన్‌లో అడుగుపెట్టిన ఏడాదే అక్కడ పెద్ద కార్మిక పోరాటం మొదలైంది. సంఘంలో చేరిన వారికి పనిలేదని యజమానులు గేట్లు మూశారు. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి వీధిన పడ్డారు. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కొనోలీ వారికి నాయకులు. కొన్ని నెలల తరవాత ఆకలికి తాళలేక కార్మికులు పనిలోకి వెళ్లారు గాని సంఘం మాత్రం చావలేదు. 1916 ఈస్టర్ తిరుగుబాటులో కొనోలీని బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపింది. గిరి గారి కళాశాలలో ఇంగ్లీషు బోధించిన థామస్ మెక్డొనాకు కూడా అదే గతి పట్టింది. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరి గారిని దేశం విడిచి వెళ్లమన్నారు. బారిస్టరు పట్టాతో పాటు, పనిచేసేవాడి బలం సంఘంలోనే ఉందన్న నమ్మకాన్ని కూడా తెచ్చుకుని ఆయన బరంపురం చేరారు.

వకీలుగా ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణ పిలుపు రాగానే దాన్ని వదిలేశారు. సారా దుకాణాల ముందు పికెటింగు చేసి జైలుకు వెళ్లారు. ఆ తరవాత ఆయన దృష్టి రైలు పట్టాల మీదికి మళ్లింది.

బరంపురం మీదుగా పోయే లైను అప్పట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీది. హౌరా నుంచి ఖరగ్‌పూర్, కటక్, ఖుర్దారోడ్, బరంపురం, విజయనగరం మీదుగా వాల్తేరు దాకా ఆ కంపెనీ బళ్లు నడిచేవి. ఆ లైను వెంబడే ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేల కుటుంబాలు వెళ్లాయి. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా చేరి అక్కడే స్థిరపడ్డాయి. ఖరగ్‌పూర్‌లో నేటికీ తెలుగు వాడలున్నాయంటే ఆ వర్క్‌షాపే కారణం. ఈ కార్మికుల సంఘానికి అండగా నిలిచిన నాయకుల్లో గిరి గారు ముఖ్యులు. 1920ల తొలి సంవత్సరాల్లో దేశంలోని రైల్వే సంఘాలన్నిటినీ కలిపి అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ ఏర్పడింది. దాని స్థాపకుల్లో ఆయన ఒకరు. పదేళ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు.

ఆ రోజుల్లో సంఘం పెట్టడమంటే ఏమిటో ఒకసారి తలుచుకోవాలి. 1926 వరకు కార్మిక సంఘాలకు చట్టం రక్షణ లేదు. మద్రాసులో బిన్నీ మిల్లుల కార్మికులకు నాయకత్వం వహించిన బి.పి. వాడియా మీద కంపెనీ కోర్టుకెళ్లి, ఆయనను కట్టడి చేస్తూ ఉత్తర్వు తెచ్చుకుంది. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చాకే రిజిస్టరైన సంఘాలకు కాస్త ఊపిరాడింది. చట్టం వచ్చినా చందాలు వసూలు చేయడం, పద్దులు రాయడం, అర్జీలు పంపడం, జవాబు రాకపోతే మళ్లీ పంపడం, పోట్లాడుకునే సభ్యులకు సర్దిచెప్పడం తప్పవు. సంఘం నడిపిన వారెవరికైనా ఇది తెలిసిన సంగతే. పేరు రాదు, విసుగు మాత్రం వస్తుంది.

1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో భారీగా ఉద్యోగాల కోతకు కంపెనీ సిద్ధపడింది. కార్మికులు ఎదురు తిరిగారు. నెలల తరబడి వర్క్‌షాపు పని ఆగింది. సమ్మె శాంతియుతంగా సాగాలని, సంప్రదింపుల తలుపు మూసుకోకూడదని గిరి గారి పట్టుదల. చివరికి ఉద్యోగాలు పోయిన వారి విషయంలో కంపెనీ, ప్రభుత్వం కొంత దిగిరావలసి వచ్చింది. అదే ఏడాది జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1931లో లండన్‌లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికీ కార్మికుల తరఫునే వెళ్లారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు రెండుసార్లు అధ్యక్షులయ్యారు. 1929లో నాగ్‌పూర్‌లో ఆ సంస్థ చీలినప్పుడు ఎన్.ఎం. జోషి గారితో పాటు మితవాదుల పక్షాన బయటికి వచ్చారు. అయితే తరవాత రెండు పక్షాలనూ మళ్లీ కలపడానికి శ్రమించిన వారిలో ఆయన ముందున్నారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం అందులో చేరింది. అక్కడి తెలుగు కుటుంబాలు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారాయి. మరుసటి ఏడాది మద్రాసు శాసనసభ ఎన్నికల్లో గిరి గారు సరిహద్దుకు ఇవతల బొబ్బిలిలో నిలబడి, మద్రాసు ప్రభుత్వాధినేతగా ఉన్న బొబ్బిలి రాజా వారినే ఓడించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. యుద్ధకాలంలో మళ్లీ జైలు. 1946లో ప్రకాశం గారి మంత్రివర్గంలో మళ్లీ కార్మిక శాఖ. స్వాతంత్ర్యం వచ్చాక నాలుగేళ్లు సిలోనులో హైకమిషనరు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ గారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. ఇక్కడి నుంచి కథ మాబోటి వాళ్లకు మరీ దగ్గరిది.

యాజమాన్యానికీ ఉద్యోగులకీ తగాదా వస్తే ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు అప్పగించే పద్ధతి గిరి గారికి నచ్చేది కాదు. ఇద్దరూ సమానంగా కూర్చుని మాట్లాడుకోవాలి, తేలకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి అనేది ఆయన పద్ధతి. దానికి గిరి విధానమనే పేరొచ్చింది. ప్రతిదానికీ కోర్టు గుమ్మం ఎక్కితే సంఘం బలహీనపడుతుందని, సభ్యులు సంఘాన్ని వదిలి వకీలును నమ్ముకుంటారని ఆయన భయం. 1952లో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సమావేశంలో దీన్ని చర్చకు పెట్టారు. ప్రభుత్వంలోని ఇతర శాఖలు ఇష్టపడలేదు. బలం చాలని సంఘాలు కూడా జంకాయి. ట్రిబ్యునల్ లేకపోతే యజమాని మాట్లాడటానికే రాడు కదా అన్నది వారి సందేహం. అది తీసిపారేయదగిన సందేహం కాదు.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదా ముదిరింది. ఒక ట్రిబ్యునల్ తీర్పును సుప్రీంకోర్టు చెల్లదంది. ఇంకో ట్రిబ్యునల్ 1953లో తీర్పిచ్చింది. దానిమీద 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తన నిర్ణయం చెప్పింది. చిన్న బ్యాంకులు, చిన్న ఊళ్లలోని శాఖలు ఈ జీతాలు భరించలేవన్న వాదనతో, ఆగస్టులో ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. అలా మార్చడానికి చట్టంలో వీలుంది. కార్మిక మంత్రి మాత్రం ఒప్పుకోలేదు. రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు.

ట్రిబ్యునళ్లే వద్దన్న మనిషి ట్రిబ్యునల్ నిర్ణయం కోసం పదవి వదులుకోవడం వింతగా కనిపించవచ్చు. మాకు అందులో వైరుధ్యం కనిపించదు. సమ్మె మానండి, తీర్పు కోసం ఆగండి అని ఉద్యోగులకు చెప్పింది ప్రభుత్వం. వాళ్లు ఆగారు. ఆగిన తరవాత తీర్పు మారిస్తే, ఇంకోసారి ఆ మాట ఎవరు నమ్ముతారు? బలవంతుడికి దారులు పది ఉంటాయి. బలహీనుడికి ఇచ్చిన మాటే ఆధారం. గిరి గారు నిలబడింది దానికోసం. దేశమంతా గోల లేచాక ప్రభుత్వం కమిషన్ వేసింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ సిఫార్సుల మేరకు 1955లో పార్లమెంటు చట్టం చేసి, అప్పిలేట్ ట్రిబ్యునల్ నిర్ణయాన్ని కొన్ని సవరణలతో అమలు చేసింది. ఆ తరం బ్యాంకు గుమాస్తాల ఇళ్లలో గిరి గారి పేరు దీపంలా నిలిచిందంటే ఇందుకే.

ఆయన ప్రతి పోరాటమూ ఇలాంటిదే అనలేం. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఒక సీటు గిరిజనులకు కేటాయించినది, ఒకటి జనరల్. గిరిజన అభ్యర్థి దిప్పల సూరి దొర గారు ఎక్కువ ఓట్లతో జనరల్ సీటు గెలిచి గిరి గారిని ఓడించారు. రిజర్వు సీటుకు నిలబడిన వ్యక్తికి జనరల్ సీటు చెల్లదని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో ఓడిపోయారు. ఓట్లు తెచ్చుకున్న గిరిజనుడికి జనరల్ సీటు మీద కూడా హక్కుందని ఆ తీర్పు తేల్చింది. న్యాయం ఆ రోజు సూరి దొర గారి వైపుంది.

తరవాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా చేశారు. బెంగళూరు తెలుగువారికి ఆ మైసూరు రోజులు పెద్దల నోట విన్న ముచ్చట. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మేలో జాకీర్ హుస్సేన్ గారు మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేసింది ఆయనే. పదిహేనేళ్ల క్రితం బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదిలిన చెయ్యి అది. వెంటనే ఆ పదవీ వదిలి రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడ్డారు. కాంగ్రెసు అధికార అభ్యర్థి కూడా తెలుగువారే, నీలం సంజీవరెడ్డి గారు. రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కించాక గాని ఫలితం తేలలేదు. గిరి గారు స్వల్ప తేడాతో గెలిచారు.

ఆయన పదవీకాలం చివర్లో, 1974 మే 8న, దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. సుమారు 17 లక్షల మంది ఉద్యోగులకు సంబంధించిన సమ్మె. దానికి ముందు నిలిచిన సంస్థ అదే అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్. అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్ గారిని సమ్మెకు ముందే అరెస్టు చేశారు. వేలమంది జైలు పాలయ్యారు. వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. క్వార్టర్ల నుంచి కుటుంబాలను సామానుతో సహా బయటికి పంపారు. మే 27న సమ్మె విరమించారు. ఆ ఇరవై రోజులు గుర్తున్న పెద్దలు మన రైల్వే కాలనీల్లో ఇంకా ఉన్నారు.

ఫెడరేషన్‌ను పెంచి పెద్దచేసిన మనిషి ఆనాడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మేరకే నడవాలన్నది రాజ్యాంగం. మంత్రికి 1954లో ఉన్న స్వేచ్ఛ రాష్ట్రపతికి 1974లో లేదని చెప్పవచ్చు. ఆ మాట సబబే. అయినా ఆ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది. మనుషులు పైకి వెళ్లేకొద్దీ మర్యాద పెరుగుతుంది, చేతులు కట్టుబడతాయి. తీర్పు చెప్పడం మా పని కాదు. కానీ పటానికి దండ వేసేటప్పుడు ఈ పేజీని దాచడం కూడా మంచిది కాదు.

ఆ ఆగస్టులో పదవీ విరమణ చేశారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

మన సంఘాలకు ఒక విన్నపం. ఈ ఆగస్టు 10న ఉపన్యాసాలు తగ్గించి, రైల్వేలోనో మిల్లులోనో బ్యాంకులోనో పనిచేసిన పెద్దలు ముగ్గురి చేత పిల్లలకు పది నిమిషాలు మాట్లాడించండి. ఇంకొకటి. మన కల్యాణమండపాల్లో, బడుల్లో, హాళ్లలో వంటవాళ్లు, స్వీపర్లు, వాచ్‌మన్లు ఉన్నారు. వారి జీతం మన కమిటీయే నిర్ణయిస్తుంది, వారు వినిపించుకుంటారు. ఈ ఏడాది జీతాలు ఖాయం చేసే ముందు వారినీ అదే బల్ల దగ్గర, కుర్చీల్లోనే కూర్చోబెట్టి మాట్లాడాలని మా కమిటీ తీర్మానించింది. ఒప్పుకున్న అంకె రిజిస్టరులో రాసి, ఇరుపక్షాలూ సంతకాలు చేస్తాం. రాసిన తరవాత మార్చం.