చెప్పులు కుట్టిన చేతులు: విలియం కేరీ గారు



సంఘపు పనులతో తీరిక లేదని మనలో అనేకులము అంటుంటాము. తీరికే ఎరుగని ఒక సేవకుని జ్ఞాపకము చేసికొందము.

విలియం కేరీ గారు 1761లో ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామములో జన్మించారు. చెప్పులు కుట్టుకొంటూ గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొన్నారు. 1793లో కుటుంబముతో బెంగాలుకు వచ్చారు. మరుసటి ఏడే కుమారుడు పీటర్ చనిపోయాడు. భార్య డొరొతీ గారు మతిస్థిమితము కోల్పోయి, 1807లో మరణించేవరకు కోలుకోలేదు. ఆయన సేవకు ఆ తల్లి చెల్లించిన వెలను మనము మరువరాదు.

1801 నుండి ఆయన కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బోధించారు. జీతములో అధికభాగము మిషను పనికే ఇచ్చేవారు. శ్రీరాంపూర్‌లో అనువాదము, ముద్రణ, ప్రసంగము, తోటపని అన్నీ సాగించారు.

1812 మార్చి 11న ముద్రణాలయము కాలిపోయింది. మన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కూడా బూడిదయింది. ఆయన 46వ కీర్తన ఆధారముగా దేవుని చిత్తమునకు లోబడుటను గూర్చి బోధించి, మరల వ్రాయ కూర్చున్నారు. 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.

ఇంత చేసినా, సమాధి రాతిమీద పేరు, తేదీలు, తన అయోగ్యతను ఒప్పుకొనే ఒక పాట చరణము చాలునని కోరారు. 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించారు.

మన పనులు కాలిపోయినను మరల మొదలుపెట్టే ఓర్పు, మన పేరు మరుగైనను సంతోషించే మనస్సు మనకుండునా? మన యింటివారి కన్నీటిని చూచే కన్నులుండునా? ఆలోచించుదము.