కడలి అడుగున మహదేవన్ పేరు

వీధులకు, భవనాలకు పెద్దల పేర్లు పెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. బంగాళాఖాతం అడుగున ఉన్న ఒక లోయకు వాల్తేరులో పాఠాలు చెప్పిన ఆచార్యుని పేరు ఉన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆయనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూగర్భశాస్త్ర శాఖకు అధిపతిగా పనిచేసిన ఆచార్య సి.మహదేవన్.

1901లో జన్మించిన మహదేవన్ కలకత్తాలో సర్ సి.వి.రామన్ వద్ద పరిశోధన చేసిన తొలి శిష్యులలో ఒకరు. ఎక్స్‌రేలతో బొగ్గును పరిశీలించారు. తర్వాత హైదరాబాదు సంస్థానపు భూగర్భ శాఖలో పనిచేశారు. అక్కడి నుంచి వాల్తేరు వచ్చారు.

మన తీరంలో అల వెనక్కి పోయినప్పుడు చారలుగా మిగిలే నల్ల ఇసుకను అందరూ తొక్కుకుంటూ పోయేవారే. ఆయన దానిని పరీక్షకు పెట్టారు. విశాఖ జిల్లా తీరపు ఇసుకలో మోనజైట్ ఉన్నదని 1948లో సహ పరిశోధకునితో కలిసి వెల్లడించారు. అణుశక్తికి పనికివచ్చే థోరియం ఈ ఖనిజంలో ఉంటుంది.

ఒడ్డున ఇంత ఉంటే నీటి అడుగున ఏమున్నది? ఆ చదువు అప్పటికి మన దేశంలో కొత్త. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ ఆచార్యునిగా వాల్తేరు వచ్చారు. మన విద్యార్థులు నౌకాదళం ఓడలెక్కి పని నేర్చుకున్నారు. జాలరులు తాడు జారవిడిచి బారల్లో లోతు చూసుకుంటారు. వీరు నీటిలోకి శబ్దాన్ని పంపి, అది అడుగున తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి లోతు కట్టారు. పొడవాటి తీగకు ఇనుప దోసిలి వంటి సాధనం కట్టి దించి, అడుగు మట్టిని పైకి తెచ్చారు. ఎక్కడ ఇసుక, ఎక్కడ బురద అని వేరుచేసి రాసుకున్నారు. విదేశాలకు పోతేనే వచ్చే విద్య విశాఖ తీరంలోనే అబ్బింది.

ఆ తర్వాత అనేక దేశాలు కలిసి హిందూ మహాసముద్రాన్ని శోధించడానికి పూనుకున్నాయి. ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడు విహరించిన ఓడనే పరిశోధన నౌకగా మార్చి, ఆంటన్ బ్రూన్ అని పేరు పెట్టి, 1963లో బంగాళాఖాతంలోకి పంపారు. లాఫాండ్ అందులో వచ్చారు. తూర్పు తీరానికి అవతల, సముద్రం ఒక్కసారిగా లోతెక్కే వాలులో, లోయలు బయటపడ్డాయి. ఒకదానికి ఆంధ్ర అని, మరొకదానికి మహదేవన్ అని పేర్లు పెట్టారు.

ఆ గౌరవాన్ని చూసుకునే అదృష్టం ఆయనకు లేకపోయింది. 1962లోనే మహదేవన్ కన్నుమూశారు.

సముద్రమంటే చేపలు ఒక్కటే కాదు, దాని అడుగు కూడా చదవవలసిన నేలేనని మన విద్యార్థులకు చూపిన ఘనత ఆయనది. నల్ల ఇసుక మీద నడిచే ప్రతివారూ గుర్తుంచుకోదగిన పేరు మహదేవన్.