నాలుగు గుర్తుల మనిషి

క్రెడిట్లు చాలక రెండో ఏడాదిలో డిటెయిన్ అయ్యాను. ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు కోడ్ గోల్ఫ్ పిచ్చి పట్టింది. ఇచ్చిన పనికి ఎవరి ప్రోగ్రామ్ చిన్నదైతే వాళ్లదే గెలుపు. నేనైతే ఏకంగా సొంత భాషే తయారుచేద్దామని కూర్చుని, పనికో గుర్తు చొప్పున అరవై గుర్తులు పెట్టేశాను. వారం తిరిగేసరికి నేను రాసింది నాకే అర్థం కాలేదు! దారి వెతుకుతుంటే కెన్నెత్ ఐవర్సన్ గురించి చదివాను.

ఆయన 1920లో కెనడాలోని ఆల్బర్టాలో పుట్టారు. తొమ్మిదో తరగతితో బడి మానేసి పొలం పనిలోకి దిగారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక సేవలో ఉంటూనే, పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఆగిన చదువు మళ్లీ అందుకున్నారు. 1954లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకుని, అక్కడే పాఠాలు చెప్పారు. మామూలు గణిత సంకేతాలు చాలక, బోర్డు మీద రాయడానికి సొంత రాత ఒకటి కల్పించుకున్నారు. హార్వర్డ్ ఆయన్ని పర్మినెంట్ చేయలేదు. 1960లో ఐబీఎంలో చేరారు. ఆ రాత గురించి 1962లో 'ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అనే పుస్తకం వేశారు. ఆ పేరులోని మొదటి అక్షరాలే ఏపీఎల్. నల్లబల్ల మీది రాత 1966కల్లా కంప్యూటర్ మీద నడిచింది. 1979లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

ఏపీఎల్ గుర్తులు మామూలు కీబోర్డులో ఉండవు. అందుకే డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డాక, రోజర్ హుయ్‌తో కలిసి, కీబోర్డులో ఉన్న గుర్తులతోనే 'జే' భాష మొదలుపెట్టారు. అందులో సగటు కట్టే ప్రోగ్రామ్ ఇంతే:

+/%#

లూప్ లేదు, వేరియబుల్ లేదు. మొదటి రెండు గుర్తులు కలిసి మొత్తం కూడతాయి, చివరిది ఎన్ని అంకెలున్నాయో లెక్కపెడుతుంది, మధ్యది భాగిస్తుంది. ఆ గీతని కూడిక పక్కన పెడితే మొత్తం, గుణకారం పక్కన పెడితే లబ్ధం. నేనేమో మొత్తానికొకటి, లబ్ధానికొకటి, పెద్దదానికొకటి విడివిడిగా పెట్టుకున్నాను. నా తప్పెక్కడుందో అక్కడ తెలిసింది. చిన్నదనం గుర్తుల్ని పెంచితే రాదు, అవి ఒకదానితో ఒకటి కలిస్తే వస్తుంది.

ఆయన గోల్ఫ్ కోసం ఇదంతా చేయలేదు. రాత బాగుంటే ఆలోచన సాగుతుందని నమ్మారు. 2004లో, 83 ఏళ్ల వయసులో పోయారు. ఇప్పుడు గోల్ఫ్ పోటీల్లో మెరిసే జెల్లీ భాష జే నుంచే స్ఫూర్తి పొందింది.

నా అరవై గుర్తులు ఇరవై రెండయ్యాయి. పోటీల్లో ఇంకా ఓడిపోతూనే ఉన్నా. కానీ నెల కిందట రాసిన ప్రోగ్రామ్‌ని మొన్న క్లాసులో, పక్కన కూర్చున్న జూనియర్‌కి తడుముకోకుండా చదివి చెప్పాను.