విశ్వనాథ సత్యనారాయణ

కృష్ణామండలమున నందమూరు అను గ్రామము కలదు. విశ్వనాథ సత్యనారాయణగారు 1895వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన అచట జన్మించిరి. తండ్రి శోభనాద్రిగారు గొప్ప దాత. ఉన్నదంతయు దానధర్మములకు వెచ్చించుటచే కుటుంబమునకు పేదరికము ప్రాప్తించెను. అయినను ఊరిలోని పురాణశ్రవణములు, హరికథలు, వీథినాటకములు బాలుని మనస్సును సంపన్నము చేసినవి.

బందరులో చదువుకొనునపుడు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆయనకు గురువులైరి. శాస్త్రిగారు అవధానములయందు మేటి. సభలో పృచ్ఛకులు అడిగినదే తడవుగా పద్యము చెప్పుటయే అవధానము. ముందుగా వ్రాసికొని వచ్చుటకు అందు వీలు లేదు. కాని కావ్యములు, ఛందస్సు, లోకజ్ఞానము ముందే మనస్సున నిలుపుకొనని వానికి ఆశువు పలుకదు. ఈ సత్యము శిష్యుని జీవితమున మఱియొక విధమున ఋజువయ్యెను.

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ నిర్వహించెను. అంతకు కొంతకాలము పూర్వమే విశ్వనాథవారి అర్ధాంగి వరలక్ష్మమ్మగారు గతించిరి. ఆ దుఃఖము తీరకయే ఆయన నవలకు పూనుకొనిరి. తమ్ముడు వేంకటేశ్వర్లుగారు కలము పట్టి కూర్చుండగా అన్నగారు నోటితో చెప్పుచు పోయిరి. 29 దినములలో సుమారు వేయి పుటల ‘వేయిపడగలు’ పూర్తియయ్యెను. బహుమానమును ఆ నవలయు, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’ను పంచుకొనినవి.

తరతరముల కథను అంత వేగముగ చెప్పుట సాహసమే. పాత్రలు అనేకములు, మాట తప్పిన కథ చిక్కుపడును. మఱి దానిని నిలిపినదేమి? సుబ్బన్నపేట అను ఒక పల్లె, వేయిపడగల సర్పము అను ఒక్క భావన. ఊరి ధర్మములు క్షీణించిన కొలది ఆ పడగలును తరిగిపోవును. కథ ఎంత దూరము పోయినను ఈ భావన దానిని మరల దారికి తెచ్చును. పల్లె, గుడి, జనుల నడవడి చిన్ననాటినుండి ఎఱిగినవే; అరుంధతి మరణఘట్టమున తమ శోకమే పలికెను. అయితే కథను విడిచి విద్య, సంగీతము, నాట్యము మున్నగు విషయములను విస్తరించిన తావులును అందు పెక్కు కలవు. అవి ఆశుకథనమునకు సహజములైన పొంగులు.

‘శ్రీమద్రామాయణ కల్పవృక్షము’ వ్రాయునపుడు స్థితి వేఱు. కథ వాల్మీకిచే ఏనాడో నిర్ణయింపబడినది. అయినను దానికి సుమారు ముప్పది యేండ్లు పట్టెను! కథాక్రమము తెలిసినంత మాత్రమున రచన సులభము కాదని దీనివలన స్పష్టమగుచున్నది. తెలిసిన కథలో ప్రతి పాత్ర హృదయమును క్రొత్తగా దర్శింపవలెను గదా! ఆ కావ్యమునకు జ్ఞానపీఠ పురస్కారము లభించెను. 1970వ సంవత్సరపు ఈ గౌరవము తెలుగునకు దక్కిన మొదటి జ్ఞానపీఠము.

విశ్వనాథవారు కరీంనగరు కళాశాలకు అధ్యక్షులుగను పనిచేసిరి. తరువాతి కాలమున భారత ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారు ‘వేయిపడగలు’ను హిందీలోనికి ‘సహస్రఫణ్’ అను పేర అనువదించిరి. 1976 అక్టోబరు 18వ తేదీన విశ్వనాథవారు పరమపదించిరి.

కథకు ప్రణాళిక కాగితముమీద ఉండవచ్చును, మనస్సునందే ఉండవచ్చును. ఎచట నున్నను, దానికి వెనుక బహుకాలపు పరిశీలనము, పఠనము ఉండవలెను. 29 దినములలో పలికిన ఆ నవలకు, అంతకుముందు గడచిన ముప్పదితొమ్మిదేండ్ల జీవితమే సన్నాహము.