అడ్డపొగ గుట్టు చెప్పిన డాక్టరు

ఈసారి నేను రాజు గురించో, నాయకుడి గురించో రాయడం లేదు. నోట్లో వచ్చే జబ్బుల కోసం బతుకంతా పనిచేసిన ఒక డాక్టరు గురించి రాస్తున్నాను.

ఆయన పేరు యెన్స్ పిండ్‌బోర్గ్. 1921లో డెన్మార్క్ దేశంలో పుట్టారు. పళ్ళ డాక్టరు చదువు చదివి, కోపెన్‌హాగన్ దంతవైద్య కళాశాలలో ప్రొఫెసర్ అయ్యారు. దవడలో పుట్టే ఒక అరుదైన గడ్డ గురించి 1955లో ఆయన చెప్పారు. దాన్ని ఇప్పటికీ పిండ్‌బోర్గ్ గడ్డ అనే పిలుస్తారు.

1964లో అమెరికా డాక్టరు రాబర్ట్ గోర్లిన్‌తో కలిసి తల, మెడ జబ్బుల మీద పెద్ద పుస్తకం రాశారు. ముఖం, దవడ, పళ్ళలో పుట్టుకతో వచ్చే లోపాలు ఒంట్లో వేరే ఏ లోపాలతో కలిసి వస్తాయో, వంశంలో ఎలా దిగుతాయో అందులో ఉంది. గ్రహణమొర్రితో బిడ్డ పుడితే మన ఊళ్ళల్లో తల్లిని తప్పు పడతారు. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. ఆ తల్లి తప్పేమీ లేదు.

ఇక మా జిల్లా సంగతి. మాది శ్రీకాకుళం వైపు. నాన్న మేస్త్రీ పనికి బాలాపూర్ వచ్చాడు కాబట్టి నేనిక్కడ చదువుతున్నా. మా అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది. అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటుంది. గాలికీ వానకీ ఆరిపోదంట! అక్కడ ఆడవాళ్ళే ఎక్కువగా అలా తాగుతారు.

దీనివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని 1957లోనే మన ఆంధ్ర డాక్టర్లు రాశారు. తర్వాత పిండ్‌బోర్గ్ గారు, బొంబాయి టాటా సంస్థలోని ఫలీ మెహతా గారు, వాళ్ళ జట్టు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనం నోళ్ళ లెక్క తేల్చి 1971లో అచ్చువేశారు. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిట్లో తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుళ్ళు కనబడ్డాయి. ఆ మచ్చల్లో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. ఆ తర్వాత పొగాకు మానమని ఊరూరా చెప్పి చూస్తే, అలాంటి మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. అంటే మానితే లాభం ఉంది.

పిండ్‌బోర్గ్ గారు 1995లో చనిపోయారు.

పోయిన సెలవుల్లో అమ్మమ్మ నోరు తెరిపించి చూశాను. అంగిలి తెల్లగా ఉంది. నొప్పి లేదు కదరా, నీకెందుకు అని నవ్వేసింది. నొప్పి వచ్చేదాకా ఆగకూడదని ఇప్పుడు నాకు తెలుసు. సంక్రాంతికి ఊరెళ్ళి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్తాను. మీరూ మీ ఇంట్లో పెద్దవాళ్ళ నోరు ఒక్కసారి చూడండి.